స్మిత్ జెర్సీ ఆర్డర్ పెట్టాను, అది వచ్చేలోపు స్మిత్ వెళ్లిపోయాడు

తొందరలో ఉన్నవాళ్ల కోసం స్టార్లు ముందే ఇచ్చేస్తున్నా. బట్టకి 4. వెనక పేరూ నంబరూ అతికించిన పనికి 2. షాపు సర్వీసుకి 1, ఆ ఒక్కటీ కూడా అట్టపెట్టె గట్టిగా ఉన్నందుకు. ఇక జెర్సీ మీద పేరున్న మనిషికి ఎన్ని ఇవ్వాలన్నది ఇప్పటికీ తేలడం లేదు, ఈ సోదంతా అందుకే.

నేను కొన్నది అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో షార్లెట్ హార్నెట్స్ వాళ్ల జెర్సీ, వెనక ‘స్మిత్’ అని. ఇష్ స్మిత్. ఆర్డర్ పెట్టింది 2022 జనవరిలో. బాస్కెట్‌బాల్ రోజూ చూసేవాళ్లలో కూడా సగం మందికి ఈ పేరు చెబితే ‘ఎవరూ?’ అంటారు, అది మామూలే. ఆరడుగుల పాయింట్ గార్డ్, అంటే బంతి నడిపించి మిగతావాళ్లకి అందించేవాడు. మన మధ్య నిలబడితే పొడుగే, ఆ లీగ్‌లో మాత్రం పొట్టివాడి కిందే లెక్క. 1988లో షార్లెట్‌లోనే పుట్టాడు, కాలేజీ ఆట కూడా అదే నార్త్ కరోలినా రాష్ట్రంలో, వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీకి. అక్కడ అసిస్టుల (పాయింట్లు తెచ్చే పాసుల) జాబితాలో ఇతని కంటే పైన ఉన్నది ఒక్క మగ్సీ బోగ్స్. అదే, 5 అడుగుల 3 అంగుళాల ఎత్తుతో షార్లెట్‌కి ఏళ్ల తరబడి ఆడిన బోగ్స్. డ్రాఫ్ట్ అంటే టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే తంతు. 2010 డ్రాఫ్ట్‌లో 60 పేర్లు పిలిచారు, ఇతని పేరు పిలవలేదు. అయినా లీగ్‌లోకి దూరాడు, కాలికి బలపం కట్టుకుని పదకొండు టీమ్‌లు తిరిగాడు, పన్నెండోది సొంతూరు. 2021లో షార్లెట్ సంతకం చేయించుకుంది. తిరిగి తిరిగి ఇంటికి చేరాడు, ఇక కదలడు అనుకుని జెర్సీ కొన్నా. నా తెలివి అంతవరకే.

ముందు బట్ట సంగతి. ఈ జెర్సీల్లో మూడు రకాలు ఉంటాయి. ఆటగాళ్లు కోర్టులో వేసుకునేలాంటిది ఆథెంటిక్, దాని ధర వింటేనే చెమట పడుతుంది. అన్నిటికంటే చవకది ప్రింట్ వేసిన రకం, టీషర్ట్‌కి అక్కలాంటిది. మధ్యలోది స్వింగ్‌మ్యాన్, నాది అదే. పూర్తి పాలిస్టర్, చిన్న చిన్న కన్నాల జాలీ నేత, గాలి బాగా ఆడుతుంది, ఉతికి ఆరేస్తే ఇట్టే ఆరిపోతుంది. చంకల దగ్గర కోత మాత్రం బాగా వదులు. లోపల టీషర్ట్ లేకుండా వేసుకుంటే ఎదుటివాళ్లు అడగనివన్నీ చూడాల్సి వస్తుంది. మామూలుగా వేసుకునే సైజే తీసుకోండి, పెద్దది అక్కర్లేదు. రంగు నీలానికీ ఆకుపచ్చకీ మధ్యలో ఉండే ఆ హార్నెట్స్ రంగు, ఎన్ని ఉతుకులు పడినా దిగలేదు. ఇంకో ముచ్చట. మిగతా టీమ్‌ల మామూలు జెర్సీల మీద ఛాతీ దగ్గర నైకీ టిక్కు ఉంటే, వీళ్ల దాని మీద కాళ్లు చాపి ఎగిరే మైకేల్ జోర్డాన్ బొమ్మ ఉంటుంది. అప్పట్లో టీమ్ యజమాని ఆయనే మరి. ఆరు టైటిళ్ల మనిషి గుండె మీద, పన్నెండు టీమ్‌ల మనిషి వీపు మీద. వేసుకుని అద్దంలో అటూ ఇటూ తిరిగితే ఈ ఉద్యోగంలో పై మెట్టూ కింది మెట్టూ రెండూ ఒకే చొక్కాలో కనిపిస్తాయి.

ఇక అసలు తిప్పలు. షార్లెట్ స్టార్ లమేలో బాల్ జెర్సీ ఏ షాపులోనైనా సిద్ధంగా వేలాడుతుంది, ఏ సైజు కావాలంటే ఆ సైజు, మర్నాడే పంపేస్తారు. బెంచీ మీద నుంచి వచ్చే మూడో గార్డు జెర్సీ ఎవరు కుట్టి పెడతారు? ఖాళీ జెర్సీ తీసుకుని పేరు మనమే టైపు చేసి ఇస్తే, అక్షరాలు వేడితో అతికించి పంపుతారు. దీన్నే కస్టమ్ అంటారు. ధర స్టార్ జెర్సీ ధరే, పైన కస్టమ్ చార్జీ. అంటే గొప్పోడి పేరుకి తక్కువ, మామూలోడి పేరుకి ఎక్కువ. పైగా కొన్ని వారాలు ఆగాలి. పేరు టైపు చేసే గడి కింద చిన్న అక్షరాల్లో ‘కస్టమ్ ఆర్డర్లు మార్చబడవు, వాపసు తీసుకోబడవు’ అని ఉంటుంది. నేను చదివాను. చదివే నొక్కాను.

ఫిబ్రవరి 10. ఆ ఏడాది ట్రేడ్ గడువు, అంటే టీమ్‌లు ఆటగాళ్లని ఇచ్చిపుచ్చుకునే గడువు, ఆఖరి రోజు. ఆ రోజు ఫోన్ కింద పెట్టలేం, నిమిషానికో వార్త. నా ఫోన్‌లో రెండు నోటిఫికేషన్లు ఒకదాని కింద ఒకటి పడ్డాయి. ఒకటి షాపు నుంచి, ‘శుభవార్త! మీ జెర్సీ ప్రింటింగ్‌కి వెళ్లింది’ అని. రెండోది, షార్లెట్ మాంట్రెజ్ హారెల్‌ని తెచ్చుకుంటోంది, బదులుగా ఇష్ స్మిత్‌నీ వెర్నన్ కేరీ జూనియర్‌నీ ఒక రెండో రౌండ్ పిక్‌నీ (డ్రాఫ్ట్‌లో ఒకణ్ని ఎంచుకునే వంతుని) వాషింగ్టన్‌కి ఇస్తోంది అని. ఆ స్క్రీన్‌షాట్ ఇంకా దాచుకున్నా.

వెంటనే షాపు చాట్‌లోకి వెళ్లా. ఇంకా అతికించలేదు కదా, ఆపండి, ఆర్డర్ రద్దు చేయండి, పోనీ పేరు లేకుండా ఖాళీ జెర్సీయే పంపండి అన్నా. ‘సార్, ప్రింటింగ్ స్టేజ్‌కి వెళ్తే ఆపడం కుదరదు సార్.’ ఆటగాడు టీమ్ మారాడండీ అన్నా. ‘అర్థమైంది సార్, కానీ జెర్సీ టీమ్‌ది కదా సార్, టీమ్ అక్కడే ఉంది కదా’ అన్నాడు. కోపం వచ్చింది గానీ, ఆలోచిస్తే ఎన్‌బీఏ నడిచే తీరంతా ఆ అబ్బాయి ఒక్క మాటలో చెప్పేశాడు. కొన్ని పెద్ద షాపులు కొన్న 90 రోజుల్లో ఆటగాడు టీమ్ మారితే జెర్సీ మార్చిస్తామని హామీ ఇస్తాయి. ఇక్కడ అలాంటిదేమీ లేదు, మరో ముగ్గురితో మాట్లాడినా అదే జవాబు. అందుకే సర్వీసుకి 1.

నాకు జరిగింది ఒక చొక్కా నష్టం. ఆ మనిషికి జరిగేది చూడండి. ట్రేడ్ ఖాయమైందంటే ఆటగాణ్ని అడిగేదేమీ ఉండదు, ఒప్పందంలో ‘నా అనుమతి లేకుండా పంపొద్దు’ అనే షరతు రాయించుకోగల మొనగాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిగతావాళ్లు మూటాముల్లె సర్దుకుని కొత్త ఊళ్లో దిగి, ముందు డాక్టర్ పరీక్షకి నిలబడాలి. అక్కడ ఏదైనా తేడా వస్తే డీల్ మొత్తం రద్దయ్యే అవకాశం కూడా ఉంది, అప్పుడు ‘నిన్ను వద్దనుకున్నాం’ అని చెప్పేసిన పాత టీమ్ దగ్గరికే తిరిగి వెళ్లి షేక్‌హ్యాండ్ ఇవ్వాలి. ఇల్లు, అద్దె ఒప్పందం, సామాన్లు అన్నీ వెనక నుంచి నెమ్మదిగా వస్తాయి. చాలామంది తమ ట్రేడ్ వార్త మనలాగే ఫోన్‌లో చూసి తెలుసుకుంటారు.

జెర్సీ కోసం ఎదురుచూసే ఆ రోజుల్లో ఇతని పాత ట్రేడ్‌లన్నీ కూర్చుని చదివా. ఒక తమాషా బయటపడింది. 2011 ఫిబ్రవరిలో హ్యూస్టన్ నుంచి మెంఫిస్‌కి వెళ్లాడు, పేపర్ల శీర్షికల్లో ఉన్న పేరు షేన్ బాటియే. 2013 ఫిబ్రవరిలో ఆర్లాండో నుంచి మిల్వాకీకి, శీర్షికలో జేజే రెడిక్. అదే ఏడాది ఆగస్టులో మిల్వాకీ నుంచి ఫీనిక్స్‌కి, శీర్షికలో కారన్ బట్లర్. ఇప్పుడు హారెల్. ప్రతిసారీ పెద్ద పేరు ఒకటి, చివర్లో ‘మరియు ఇష్ స్మిత్’. కూరలో కరివేపాకు. వాసన కోసం వేస్తారు, తినేటప్పుడు ఏరి పక్కన పెడతారు. జీతాల లెక్కలు కూడా ఇందుకు ఓ కారణం. జీతాల పరిమితి దాటిన టీమ్ ట్రేడ్ చేయాలంటే ఇచ్చే జీతాలూ వచ్చే జీతాలూ దగ్గర దగ్గరగా సరిపోవాలి. పెద్ద జీతం ఒకటి కదిలితే తక్కెడలో తేడా పూడ్చడానికి చిన్న జీతగాడు ఒకడు కావాలి. ఆ చిన్న బరువు రాయి పని చాలాసార్లు ఇలాంటివాళ్లదే.

న్యూ ఓర్లియన్స్ కథ ఇంకా విచిత్రం. 2015 ఫిబ్రవరిలో ఓక్లహోమా సిటీ నుంచి ఇతన్ని తీసుకున్నారు, ఒక్క ఆట కూడా ఆడించకుండానే వదిలేశారు. వదిలేసిన ఆటగాడు 48 గంటలు వెయివర్స్‌లో ఉంటాడు, అంటే ఎవరికైనా కావాలంటే ఉన్న ఒప్పందంతో సహా ఎత్తుకుపోవచ్చు. ఫిలడెల్ఫియా ఎత్తుకుపోయింది. ఆ సీజన్ అయ్యాక వాళ్లూ ఉంచుకోలేదు. ఆ తర్వాతి సీజన్‌కి మళ్లీ న్యూ ఓర్లియన్సే పిలిచింది!

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. ఎవరైనా ‘ఆటలో అరటిపండు లాంటివాడి జెర్సీ ఎందుకు కొన్నావ్’ అని అడిగితే నేను ఇదే చెబుతా. 2015-16లో ఫిలడెల్ఫియా కావాలని ఓడుతోందా అనిపించేంత ఘోరంగా ఉంది. దాదాపు ముప్పై ఆటలు ఆడి గెలిచింది ఒకటంటే ఒకటి. కుర్రాళ్లు ఉన్నారు, పొడుగువాళ్లు ఉన్నారు, బంతిని వాళ్ల చేతికి సరైన చోట అందించేవాడు లేడు. డిసెంబరు 24న, అంటే క్రిస్మస్ ముందు రోజు, న్యూ ఓర్లియన్స్‌కి రెండు రెండో రౌండ్ పిక్కులు ఇచ్చి ఇష్ స్మిత్‌ని వెనక్కి తెచ్చుకున్నారు. ఆరు నెలల కింద ఊరికే వదిలేసిన మనిషి కోసం రెండు పిక్కులు! రెండు రోజుల తర్వాత ఫీనిక్స్‌లో ఆట, గెలిచారు. సీజన్‌లో అది రెండో గెలుపు. ఆ ఏడాది చివరికి 82 ఆటల్లో 10 గెలిచారు. 10 అంటే నవ్వు వస్తుంది, నిజమే, కానీ అతను రాకముందు వాళ్లు పోతున్న లెక్కన చూస్తే ఆ పది కూడా దక్కేవి కావు. లెక్కల పుస్తకంలో ఇతని షూటింగ్ అంకెలు చూసి పెదవి విరిచేవాళ్లకి ఆ పాత ఆటల వీడియోలు చూడమంటా. బంతి పట్టుకుని మూడడుగుల్లో హాఫ్‌కోర్ట్ దాటినట్టు కనిపిస్తాడు, బుట్ట కిందకి దూరి అటువైపు నుంచి బయటికి వస్తూ వెనక్కి చూడకుండా పాస్ వేస్తాడు. పక్కన కొత్త కుర్రాడు ఊరికే చేతులు చాపి నిలబడితే చాలు.

ఆ ఆటే 2016 వేసవిలో డెట్రాయిట్‌లో మూడేళ్లకి 1.8 కోట్ల డాలర్ల ఒప్పందం తెచ్చిపెట్టింది. ఆరేళ్ల తిరుగుడు తర్వాత ఒకే ఊళ్లో మూడు సీజన్లు. అతని కెరీర్‌లో ఎక్కువ కాలం నిలిచిన చోటు అదే. నాకు బుద్ధి ఉంటే డెట్రాయిట్ జెర్సీ కొనుక్కోవాల్సింది.

అసలు ఇన్ని టీమ్‌లు వదిలేశాయంటే లోపం ఉండి ఉండాలి కదా అని మా తమ్ముడు వాదించాడు. ఉంది, దాచేదేముంది. బయటి నుంచి మూడు పాయింట్ల షాట్ నమ్మకంగా పడదు. అతను ఆడిన ఈ పద్నాలుగేళ్లలోనే లీగ్ మొత్తం ఆ షాట్ వైపు పరిగెత్తింది. వేగం ఉంది, చూపు ఉంది, షాట్ లేదు. అలాంటి గార్డుకి ఎదుటి డిఫెండర్ నాలుగడుగులు వెనక్కి వెళ్లి దారి మూసి నిలబడతాడు. అందుకే మొదటి గార్డుగా ఎవరూ ఉంచుకోరు. కానీ నా పాయింట్ వేరే. పదమూడు టీమ్‌లు (ఆ పదమూడోది ఏదో కింద చెబుతా) వదిలాయి అనేవాళ్లు, పదమూడు టీమ్‌లు కావాలని పిలిచాయి అని ఎందుకు అనరు? ఊరికే పిలవరు. సీజన్ మధ్యలో మీ గార్డు మడమ బెణికితే, రెండు రోజుల్లో వచ్చి మీ ఆట నేర్చుకుని పన్నెండు నిమిషాలు బండి పడిపోకుండా నడిపేవాడు కావాలి. ప్రతి టీమ్‌కీ తన ఎత్తుగడల పేర్లు వేరు, చేతి సైగలు వేరు. ఇక్కడ పిడికిలి చూపిస్తే ఒకటి, అక్కడ పిడికిలి చూపిస్తే ఇంకోటి. మిగతా నలుగురికీ అవి చెప్పాల్సింది పాయింట్ గార్డే. నేను ఫోన్ మారిస్తే నెల రోజులు పాత చోటే బటన్ నొక్కుతుంటాను.

తమ్ముడి ఇంకో ప్రశ్న మాత్రం నన్ను పడగొట్టింది. పార్సిల్ విప్పి వేసుకుని గర్వంగా వీపు చూపిస్తే, ‘ఏ స్మిత్, అన్నయ్యా?’ అన్నాడు. జెర్సీ మీద ఇంటి పేరు ఒక్కటే ఉంటుంది. జేఆర్ స్మిత్, జోష్ స్మిత్, కెన్నీ స్మిత్, స్టీవ్ స్మిత్, ఎంతమందని. పైగా 1995 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్ అయిన జో స్మిత్ కూడా పన్నెండు టీమ్‌లకి ఆడాడు! మొదటి పిక్ అయినవాడు సంచారి అవడం అరుదు, ఆయన కథలో మిన్నెసోటా వాళ్లతో చాటుమాటు ఒప్పందం ఒకటి ఉంది. 2000లో అది బయటపడి లీగ్ ఆ టీమ్ మీద 35 లక్షల డాలర్ల జరిమానా వేసి, మొదటి రౌండ్ పిక్కులు లాగేసుకుంది. పన్నెండు టీమ్‌ల లెక్కలో జో స్మిత్‌కి తోడు ఇంకో ముగ్గురు, చకీ బ్రౌన్, జిమ్ జాక్సన్, టోనీ మాసెన్‌బర్గ్. మాసెన్‌బర్గ్ 1990లో శాన్ ఆంటోనియోలో మొదలుపెట్టి, లీగ్ అంతా చుట్టి, చివరికి అదే శాన్ ఆంటోనియోలో 2005 టైటిల్ గెలిచాడు. బ్రౌన్‌కి 1995లో హ్యూస్టన్‌తో టైటిల్ ఉంది. షార్లెట్‌కి ఆడటంతో ఇష్ స్మిత్ వీళ్ల నలుగురి పక్కన చేరాడు. అంటే నా చొక్కా రికార్డు సమం చేసిన చొక్కా. ఈ ముక్క షాపు వాడికి తెలిస్తే ఇంకో చార్జీ వేసేవాడు.

ఇలా టీమ్ టీమ్‌కీ తిరిగేవాణ్ని జర్నీమ్యాన్ అని మనం ఒకే మాటతో కొట్టేస్తాం గానీ ఇందులో కూడా అంతస్తులున్నాయి, ఇష్ స్మిత్ పై అంతస్తు మనిషి. కింద పది రోజుల ఒప్పందం వాళ్లుంటారు. జనవరి 5 నుంచి మొదలవుతాయి ఇవి. పది రోజులో మూడు ఆటలో, ఏది ఎక్కువైతే అంతవరకు కొలువు. ఒకే టీమ్ ఒక సీజన్‌లో రెండుసార్లు మాత్రమే అలా ఇవ్వొచ్చు, ఆ తర్వాత ఉంటే సీజన్ ఆఖరు వరకు ఉంచుకోవాలి, లేకపోతే పంపేయాలి. వాళ్ల బతుకు హోటల్ గదిలో. ఆ కింద జీ లీగ్, ఎన్‌బీఏకి కింది మెట్టు లీగ్. అక్కడ ఆండ్రీ ఇంగ్రామ్ అని ఒకాయన పదేళ్లు ఆడాడు, చదివింది ఫిజిక్స్, ఖర్చులకి పిల్లలకి లెక్కల ట్యూషన్లు చెప్పేవాడు. 2018 ఏప్రిల్ 10న, 32 ఏళ్ల వయసులో, లాస్ ఏంజెలెస్ లేకర్స్ తరఫున మొదటి ఎన్‌బీఏ ఆట. హ్యూస్టన్ మీద 19 పాయింట్లు, ఐదు త్రీలు వేస్తే నాలుగు పడ్డాయి. జుట్టు అప్పటికే నెరిసి ఉంది. సీజన్‌లో ఇంకో ఆట మాత్రమే మిగిలింది. ఆయన జెర్సీ ఆర్డర్ పెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల పక్కన కూర్చుని ఒక టీ తాగాలని ఉంది నాకు.

మళ్లీ మన మనిషి దగ్గరికి. వాషింగ్టన్‌లో ఆ సీజన్ ముగిసింది, 2022 జూలైలో మళ్లీ ట్రేడ్. ఈసారి కెంటేవియస్ కాల్డ్‌వెల్ పోప్‌తో కలిపి డెన్వర్‌కి పంపి, మాంటీ మారిస్‌నీ విల్ బార్టన్‌నీ తెచ్చుకున్నారు. శీర్షికలో ఎవరి పేరు ఉందో చెప్పక్కర్లేదు. డెన్వర్ తరఫున కోర్టులో అడుగుపెట్టగానే పదమూడో టీమ్, లీగ్ చరిత్రలో ఎవరూ వెళ్లనంత దూరం. నా జెర్సీ అలమారలో అట్టడుగుకి చేరింది. 2023 జూన్‌లో డెన్వర్ మయామిని 4-1తో కొట్టి మొట్టమొదటిసారి చాంపియన్ అయింది. ప్లేఆఫ్స్‌లో ఇతను ఆడింది దాదాపు ఏమీ లేదు, బెంచీ చివర్లో తువ్వాలు ఊపుతూ కనిపించేవాడు. ఆ రాత్రి అందరూ డెన్వర్ స్టార్ యోకిచ్‌ని చూస్తుంటే నేను వెనక వరసలో ఇతను ఎక్కడున్నాడా అని వెతుక్కున్నా. డెన్వర్ జెర్సీ ఇంకోటి కొందామా అని వేళ్లు దురద పెట్టాయి. ఆపుకున్నా.

ఇప్పుడు ఆ 2 స్టార్ల సంగతి. ఉతికేటప్పుడు లోపలివైపు బయటికి తిప్పి చల్లనీళ్లతోనే ఉతికా, డ్రయ్యర్లో వేయలేదు, నీడలో ఆరేశా. అయినా నాలుగో ఉతుక్కి మొదటి అక్షరం ‘ఎస్’ పై మూల లేచింది. గోటితో నొక్కితే అంటుకుంటుంది, వేసుకుని కుర్చీలో ఆనుకుంటే మళ్లీ లేస్తుంది. వేడి సరిపడా పెట్టకుండానో, ప్రెస్ త్వరగా ఎత్తేసో ఉంటారు. నంబరు మాత్రం గట్టిగానే ఉంది, అంటే పేరు దగ్గరికి వచ్చేసరికి టీ టైమ్ అయిందేమో. పైన పల్చటి గుడ్డ వేసి తక్కువ వేడితో ఇస్త్రీ పెట్టి అదిమా, కొన్నాళ్లు నిలిచింది. ఇలా చేసేవాళ్లు జాగ్రత్త, ఇస్త్రీ పెట్టె నేరుగా తగిలితే జాలీ పాలిస్టర్ కరిగి ముద్దవుతుంది, ఎడమ భుజం దగ్గర నాకో చిన్న మచ్చ పడింది. తర్వాత ఒకరోజు చూస్తే ‘ఎస్’ మొత్తానికే లేదు. ‘మిత్’ మిగిలింది. మా తమ్ముడు దాన్ని చూసి, ‘మిథ్య అన్నయ్యా, అంతా మిథ్య’ అని ఇంట్లో వేదాంతం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడు, 2023-24 సీజన్ మొదట్లో, షార్లెట్ ఇతన్ని మళ్లీ పిలిచింది. వయసు 35. నేను చదివింది నిజమో కాదో అని రెండుసార్లు చూశా. చాట్‌లో ఆ అబ్బాయి అన్నది గుర్తొచ్చింది, టీమ్ అక్కడే ఉంది కదా సార్ అని. అలమారలోంచి జెర్సీ తీశా, దులిపా, వేసుకుని ఆట పెట్టుకున్నా. రెండో క్వార్టర్లో వచ్చాడు, కొంచెం నెమ్మదించాడు గానీ బుట్ట కింద నుంచి అటుపక్కకి దూరే ఆ తిరుగుడు అలాగే ఉంది. ఆ సీజన్‌లో షార్లెట్ తీసుకున్న కొత్త కుర్రాడు ఒకడి పేరు నిక్ స్మిత్ జూనియర్. అంటే ఒకే టీమ్‌లో అప్పుడు ఇద్దరు స్మిత్‌లు, నా వీపు మీద సగం స్మిత్.

కొనాలా వద్దా అని అడిగేవాళ్లకి. స్వింగ్‌మ్యాన్ జెర్సీ బట్టగా బాగుంటుంది, నిస్సందేహంగా తీసుకోండి. బెంచీ ఆటగాడి పేరు కావాలంటే సీజన్ మొదట్లో పెట్టండి, జనవరిలో మాత్రం పెట్టొద్దు, ఫిబ్రవరి గడువు దాటేదాకా ఆగండి. వాపసు షరతులు కస్టమ్‌కి వర్తిస్తాయో లేదో విడిగా అడిగి, జవాబు రాతలో తీసుకోండి. అక్షరాలు అతికిస్తారా, కుడతారా అని కూడా అడగండి, కుట్టు అయితే కొంచెం ఎక్కువైనా అదే మేలు.

పోయిన వారం ఆ షాపుకే ఒక మెయిల్ పెట్టా, ‘ఎస్’ అక్షరం ఒక్కటి విడిగా అమ్ముతారా అని. ఈసారి జవాబు ఒక్క రోజులో వచ్చింది. విడిగా అమ్మరట, పేరు మొత్తం మళ్లీ కొనాలట, కస్టమ్ ఆర్డర్ కాబట్టి వాపసు ఉండదట.